టిక్కీకి కిలో

తుమ్మకుండా పనిచేసే యంత్రం
గుంటూరు మిర్చి యార్డుకి ఇంతవరకూ రాలేదు.
పాత ప్రింటరు మూడేళ్లు దగ్గి దగ్గి
సీజను మధ్యలో కన్నుమూసింది.
షావుకారు కొత్తది తెచ్చాడు,
తెల్లగా, పెళ్లికొడుకులా,
తోడుగా ఒక టాబ్లెట్టు.
"వైరుండదు అంకమరావూ, పట్టీలు గాల్లోనే పోతాయి"
అని స్కూటరెక్కి బ్యాంకుకి పోయాడు.

గాల్లో ఏమేం పోతాయో నాకు తెలుసు.
ఘాటు పోతుంది, ధర పోతుంది,
ఒక్కోసారి మనిషి పరువు పోతుంది.
పట్టీ పోవడం మాత్రం చూళ్లేదు.

ఎదురుగా బల్లమీద సోమ్లా నాయక్.
బెల్లంకొండ అవతల తండా.
ఇరవై రెండు టిక్కీల తేజ, పొద్దున్నే కాటా అయింది.
బస్సెప్పుడని అడగడు.
తలపాగా విప్పుతాడు, చుడతాడు, మళ్లీ విప్పుతాడు.

ఫోన్లో ఇమ్మానియేలు:
"బాబాయ్, ముందు వేలు తుడుచుకో."
ముప్పై ఏళ్ల కారం పంచెకి తుడిస్తే పోతుందా?
అద్దం నా చూపుడువేలిని గుర్తుపట్టలేదు.
చిటికెనవేలితో తట్టాను, చంటిపిల్ల బుగ్గ తట్టినట్టు.
"రెండూ ఒకే వైఫై కింద ఉండాలి.
ఒకే చూరు కిందున్నోళ్లేగా మాట్లాడుకునేది."
వాడికింకా పెళ్లి కాలేదు.

జాబితాలో పొడుగాటి పేరొకటి, చివర ఏవో అంకెలు.
నొక్కాను. తాళం మాట అడగలేదు.
అనుమానం రావాల్సింది అప్పుడే.
పట్టీ పంపాను.
మా తెల్లది పలకలేదు.
మళ్లీ పంపాను, మళ్లీ,
మొత్తం ఏడుసార్లు.
నీలం దీపం మిటకరిస్తూ నావంక చూసిందేగానీ
కాగితం కదిలిస్తే ఒట్టు.

మా నాయన పశువుల సంతలో దళారీ.
తువ్వాలు కింద చెయ్యి పెడితే
అవతలి చెయ్యి వచ్చి అందుకునేది.
వేలు మడిస్తే ఒక మాట, అరచెయ్యి గోకితే ఇంకో మాట.
చుట్టూ వందమంది ఉన్నా ఒక్కడికీ వినబడేది కాదు.
తప్పు చేతిని పట్టుకున్న రోజు మాత్రం
ఆయన ఇంటికొచ్చి అన్నం తినలేదు.

గుమ్మంలో జాన్‌సైదా.
పక్కకొట్టు గుమాస్తా. ఒక గోనెపట్టా తగువుతో
ఆరేళ్లుగా మా మధ్య మాటల్లేవు.
చేతిలో ఏడు కాగితాలు, ఇంకా వెచ్చగానే ఉన్నాయి.
"మీ పట్టీలు మా కొట్లో కూస్తన్నాయి."

ఇచ్చి పోతే పోయేది. చదివాడు.
"టిక్కీకి కిలో తీస్తన్నారా? మేం అరకిలోనేగా."
గట్టిగా అనలేదు, తువ్వాలు కింద అన్నట్టే అన్నాడు.
తువ్వాలు లేదు, అంతే.

సోమ్లా తలపాగా చుట్టడం ఆపాడు.
ఏమీ అడగలేదు.
ఆ అడక్కపోవడాన్ని కాటా మీద పెడితే
ఎన్ని టిక్కీలు తూగేదో.

ఇరవై రెండు అరకిలోలు పదకొండు కిలోలు.
క్వింటా పద్నాలుగు వేల రెండొందలు.
పదిహేనొందల అరవై రెండు రూపాయలు.
కాలిక్యులేటరు నాకెందుకు,
ఇన్నేళ్లూ ఇదే లెక్క అటునుంచి చేశాను.
ఇవాళ ఇటునుంచి.

జాన్‌సైదా నా వేలిని పక్కకి నెట్టి
సరైన పేరు తనే వెతికాడు.
తాళం మాట నన్ను కొట్టుకోమని
తల అటు తిప్పుకున్నాడు.
మా తెల్లది ఒళ్లు విరుచుకుంది,
లోపలెక్కడో కిర్రుమంది.
ఎనిమిదో పట్టీ బయటికొచ్చింది, కొత్త మొత్తంతో.
సోమ్లా దాన్ని చూడలేదు.
నోట్లు రెండుసార్లు లెక్కపెట్టి,
కాగితం తలపాగాలో దోపుకుని,
బస్సెప్పుడని అప్పుడడిగాడు.

సాయంత్రం షావుకారు
ఆ ఏడూ ఒకపక్క, నకలు ఒకపక్క పెట్టుకుని
చాలాసేపు కూచున్నాడు.
తేడా నా జీతంలో రాసుకోమన్నాను.
రాసుకున్నాడు.
"ముందా పక్కకొట్టు పేరు జాబితాలోంచి తీసెయ్."

ఇమ్మానియేలు చెప్పే ఉన్నాడు, ఒక్క నొక్కు చాలని.
ఎట్టా తీయాలో తెలీదన్నాను.